మోటుపల్లి స్తంభం దగ్గర ఏడో తరగతి: ఒక శాసనంతో స్థానిక చరిత్ర చెప్పిన అనుభవం

నేను బాపట్ల జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచర్ని. మా పిల్లల్లో ఎక్కువమంది చేపల వేట, చేనేత, ఉప్పు కొటార్ల పని మీద బతికే ఇళ్ళ నుంచి వస్తారు. మోటుపల్లి మాకు దూరం కాదు. చినగంజాం మండలంలో ఇప్పుడది మామూలు పల్లె. ఒకప్పుడు చీనా కర్పూరం, పగడాలు, పట్టునూలు దిగిన రేవు. ఆ రేవుకు వచ్చే వర్తకులకు అభయమిస్తూ కాకతీయ గణపతిదేవుడు వేయించిన శాసనం అక్కడి వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం మీద ఉంది.

ఆ శాసనం పేరు మా పిల్లలందరికీ తెలుసు. నోట్సులో ఒక వాక్యం, పరీక్షలో ఒక మార్కు. ఆ ఒక్క వాక్యం వెనక ఉన్న రాయిని, అందులోని మాటలను పిల్లల చేతికి ఇస్తే ఏమవుతుందో చూడాలని రెండేళ్ళు ప్రయత్నించాను. మొదటి ఏడాది కుదరలేదు. రెండో ఏడాది కుదిరింది.

మొదటి ఏడాది

2023-24లో కాకతీయుల పాఠం అయిపోయాక, పరీక్షలు కూడా రాసేశాక పిల్లల్ని మోటుపల్లి తీసుకెళ్ళాను. రెండు సెక్షన్లు కలిపి బయల్దేరాం. వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. మండపంలో అందరూ నిలబడటానికి చోటు లేదు. స్తంభం పక్కన నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడాను, ముందు వరుస వాళ్ళకే వినబడింది. అక్షరాలు ఎవరికీ సరిగ్గా కనిపించలేదు. మర్నాడు ఏం చూశారో రాయమంటే దాదాపు అందరూ ఒకేలా రాశారు: "మేము మోటుపల్లి వెళ్ళాము. అక్కడ శాసనం ఉంది. చాలా బాగుంది."

ఆ కాగితాలు దిద్దుతుంటే చాలా బాధేసింది. తప్పు పిల్లలది కాదు. శాసనంలో ఏముందో ముందే నేను చెప్పేశాను. ఇక వాళ్ళు అక్కడ వెతకాల్సింది ఏముంది? ప్రశ్న లేకుండా తీసుకెళ్తే చారిత్రక స్థలం కూడా పిక్నిక్ స్పాటే అవుతుంది. అందుకే రెండో ఏడాది వరస తిరగేశాను. ముందు మాటలు ఇచ్చాను, తర్వాత రాయి చూపించాను, పాఠం చివరికి పెట్టాను.

రాయి దగ్గరికి వెళ్ళే ముందు

2024-25లో 36 మంది ఉన్న ఒకే సెక్షన్ తీసుకున్నాను. మొదటి రోజు రాజు పేరు, ఊరు పేరు, కాలం ఏవీ చెప్పకుండా బోర్డు మీద ఒక భాగం రాశాను. శాసనంలోని సంస్కృత పాఠానికి శాసన పండితుడు హుల్ట్‌ష్ చేసిన ఇంగ్లీషు అనువాదం, శాసనాలను అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండో సంపుటంలో ఉంది. అది దగ్గర పెట్టుకుని పిల్లలకు అర్థమయ్యే తెలుగులోకి మార్చుకున్నాను. భావం ఇది:

పూర్వపు రాజులు, ఒక దేశం నుంచి మరో దేశానికి బయల్దేరి తుఫానుకు దెబ్బతిని, బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకంతా బలవంతంగా తీసుకునేవారు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద అంత పెద్ద సాహసానికి దిగినవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తున్నాం.

కింద మూడు ప్రశ్నలు రాశాను. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో? ఇది రాయక ముందు ఏం జరుగుతుండేది? జవాబులకు ఒక పీరియడ్ మొత్తం ఇచ్చాను. నేను మాట్లాడకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టమైంది.

మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు త్వరగానే వచ్చాయి. మూడో ప్రశ్న దగ్గర క్లాసు మారింది. చివరి బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి, వాళ్ళ నాన్న వేటకు వెళ్తాడు, లేచి అన్నాడు: "టీచర్, ఇక తీసుకోం అని రాయించారంటే, అప్పటిదాకా తీసుకునేవాళ్ళనే కదా?" నేను చెప్పాలనుకున్నది అదే. వాడే చెప్పాడు. ఒక నిషేధం కనిపిస్తే దాని వెనక ఒక అలవాటు ఉండే ఉంటుందన్న చదువును ఏడో తరగతి కుర్రాడు ఒక్క వాక్యంలో పట్టుకున్నాడు.

అక్కడి నుంచి చర్చ ఒడ్డుకు కొట్టుకొచ్చిన వస్తువు ఎవరిది అనే దాని మీదకు మళ్ళింది. ఆ విషయం వేట కుటుంబాల పిల్లలకు పుస్తకం కన్నా బాగా తెలుసు. "మా దగ్గర వల కొట్టుకొస్తే ఎవరిదో తెలిసేదాకా గట్టు మీదే పెడతారు" అని ఒకమ్మాయి చెప్పింది. 1977 తుఫాను గురించి తాతలు చెప్పిన మాటలు ఇంకొందరు చెప్పారు. అంతవరకు సోషల్ పీరియడ్‌లో నోరు విప్పని పిల్లలు ఆ రోజు క్లాసుకు తెలియజెప్పేవాళ్ళయ్యారు. స్థానిక చరిత్ర చెప్పడంలో నాకు కనిపించిన అసలు బలం ఇదే. ఊరి పేరు పాఠంలో రావడం ఒక సంతోషం, అంతే. పిల్లల ఇంట్లో ఉన్న తెలివి ఆ పాత మాటను అర్థం చేసుకోవడానికి పనికిరావడం అంతకంటే చాలా పెద్ద సంగతి.

మర్నాడు కాలం లెక్క. శాసనంలో ఉన్నది శక సంవత్సరం 1166, క్రోధి. శకానికి 78 కలిపితే 1244 వస్తుందని చెప్పి, సరిచూసే పద్ధతి మీరే కనుక్కోండి అన్నాను. మా అదృష్టం, మేం ఈ పాఠం చేస్తున్న ఏడాది కూడా క్రోధి నామ సంవత్సరమే. ఉగాది పంచాంగం గుర్తున్న ఒకమ్మాయి ఆ మాట పట్టుకుంది. 2024లోంచి 1244 తీసేస్తే 780. అరవై ఏళ్ళ చక్రంతో భాగిస్తే సరిగ్గా 13, శేషం సున్నా. క్లాసంతా చప్పట్లు కొట్టారు. తేదీని నమ్మడం వేరు, తేదీని సరిచూసుకోవడం వేరు. ఏ శాసనానికైనా ఈ లెక్క వేయించవచ్చు. శక సంవత్సరం, ఆ సంవత్సరం పేరు రెండూ ఉంటే చాలు.

సుంకాల పట్టికకు రెండు పీరియడ్లు పట్టాయి. ఎగుమతి, దిగుమతుల మీద ముప్పైలో ఒక వంతు సుంకం. గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పునుగు, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు లాంటి వాటికి విడిగా రేట్లు ఉన్నాయి. మొదట లెక్కల టీచర్ గారి సాయంతో ముప్పైలో ఒక వంతును శాతంలోకి మార్పించాను, మూడుంబావు దాటి వచ్చింది. తర్వాత ప్రపంచపటం పెట్టి ఏ సరుకు ఎటు నుంచి వచ్చి ఉంటుందో పెన్సిల్‌తో గీతలు గీయమన్నాను. సరుకు పేరులోనే దేశం ఉన్నది ఒక్క చీనా కర్పూరానికే. మిరియాలకు మలబారు వైపు గీశారు. పగడాల దగ్గర వాదన తేలలేదు. తేలనివాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టమన్నాను. పటంలో ప్రశ్నార్థకం పెట్టొచ్చని వాళ్ళకు అప్పుడే తెలిసింది.

స్తంభం దగ్గర

వెళ్ళే ముందు రెండు రోజులు పాత అక్షరాలతో గడిపాం. కాకతీయుల కాలం నాటి లిపి తెలుగు, కన్నడం ఇంకా పూర్తిగా విడిపోని దశలోది. కొన్ని అక్షరాలు మనవే అనిపిస్తాయి, కొన్ని కన్నడంలా ఉంటాయి. చార్టు మీద అక్షరాలు రాసి, తడిమట్టి పలకల మీద పుల్లతో గీయించాను. దానివల్ల ఒక ముఖ్యమైన సంగతి చేతికి తెలిసింది: మెత్తటి మట్టి మీదే గీత తప్పితే సరిచేయడం కష్టం, రాతి మీద చెక్కేవాడు ఎంత జాగ్రత్తపడి ఉంటాడో.

ఈసారి ఉదయం పూట వెళ్ళాం, ఆరుగురు చొప్పున ఆరు జట్లుగా. ఒక్కో జట్టు స్తంభం దగ్గర ఉన్నప్పుడు మిగతా జట్లకు వేరే పనులు: గుడి కొలతలు తీయడం, గోడల్లో వేరే రాళ్ళు ఎక్కడైనా కలిశాయేమో చూడటం, ఊళ్ళో పెద్దవాళ్ళతో మాట్లాడటం, గుడి నుంచి సముద్రం ఎటు ఉందో దిక్కుతో సహా గీయడం.

రాయిని తాకే విషయంలో గట్టిగా ఉన్నాను. చాలాచోట్ల అక్షరాలు కనపడాలని సుద్ద, ముగ్గు, పసుపు రుద్దుతారు. దానివల్ల రాయి పాడవుతుంది, తర్వాత చూసేవాళ్ళకు తప్పు అక్షరాలు కనిపిస్తాయి. తడి కాగితం అద్ది సిరాతో అచ్చు తీసే పని శాసన నిపుణులది, అనుమతి లేకుండా చేయకూడదు. మాకు ఒక సెల్‌ఫోన్ లైటు చాలింది. ఎదురుగా వేస్తే అక్షరం కనిపించదు. స్తంభానికి బాగా పక్కగా, దాదాపు రాతికి ఆనించినంత దగ్గర నుంచి వేస్తే గాడిలో నీడ పడి అక్షరం పైకి లేస్తుంది. మొదటి జట్టులో ఒకడు లైటును పక్కకు తిప్పినప్పుడు ఒక వరుస అంతా ఒక్కసారిగా కనబడింది. "టీచర్, రాయి మాట్లాడింది!" అని అరిచాడు. మొత్తం శాసనం చదవడం మా పని కాదని ముందే చెప్పాను. ప్రతి జట్టు ఒక చిన్న భాగాన్ని చూసి గీసుకోవాలి, అందులో తెలిసిన అక్షరాల చుట్టూ సున్నా చుట్టాలి. నాలుగైదు అక్షరాలు పట్టుకున్న జట్టు కూడా గెలిచినట్టే తిరిగి వచ్చింది.

తిరిగి వస్తుంటే దారిలో ఒకమ్మాయి అడిగిన ప్రశ్న నేను తయారు చేసుకున్న ప్రశ్నలన్నిటి కంటే మంచిది. "టీచర్, బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళకు అభయం ఇస్తే, సంస్కృతంలో తెలుగులో రాస్తే వాళ్ళకెలా తెలుస్తుంది?" వెంటనే జవాబు చెప్పలేదు. మర్నాడు క్లాసులో అందరి ముందు పెట్టాను. ఇది వర్తకుల కోసం మాత్రమే కాదు, రేవులో సుంకం వసూలు చేసే అధికారుల కోసం కూడా అయ్యుంటుందని ఒక జట్టు అంది. దుబాసీలు ఉండి ఉంటారని ఇంకో జట్టు. దేవుడి ముందు రాయిస్తే తర్వాతి రాజు మాట తప్పడని మూడో జట్టు. అప్పుడు రెండో శాసనం తీశాను. అదే మోటుపల్లిలో 1358లో రెడ్డి రాజు అనవోతారెడ్డి కాలంలో వేసిన అభయ శాసనం. అందులో తెలుగుతో పాటు తమిళం కూడా ఉంది. ఆ రేవులో వ్యాపారం చేసేవాళ్ళు ఎవరో ఆ భాషే చెబుతోంది. వచ్చి స్థిరపడే వర్తకులకు భూములిస్తామని, వాళ్ళు వేరే చోటికి వెళ్తామంటే అడ్డుకోబోమని అందులో ఉంది. మొదటిది ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు గురించి, రెండోది వచ్చి ఉండిపోయే మనిషి గురించి. 114 ఏళ్ళలో మాట మారింది. ఎందుకు మారిందన్నది ఇంటి పనిగా ఇచ్చాను.

రాణి ఎవరి భార్య?

ఈ భాగం మొదటి ప్లాన్‌లో లేదు. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో వర్ణించిన ముత్ఫిలి రాజ్యం అంటే మోటుపల్లేనని అంటారని చెప్పగానే పిల్లలు అతను ఏం రాశాడో కావాలన్నారు. వజ్రాల కొండలు, పాములు, మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలతో సహా ఎత్తుకెళ్ళే గద్దలు, సాలెగూడు లాంటి సన్నని బట్టలు, వీటన్నిటి మధ్య ఒక రాణి. భర్త చనిపోయి నలభై ఏళ్ళయినా మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా న్యాయంగా పాలిస్తున్న తెలివైన స్త్రీ అని అతని మాట. ఆ రాణి కాకతీయ రుద్రమదేవేనని అంటారు. సన్నని బట్టల సంగతి చదివినప్పుడు చేనేత ఇళ్ళ పిల్లల ముఖాలు చూడాలి!

తర్వాత రెండు కాగితాలు పక్కన పెట్టాను. ఒకటి 1261 నాటి మల్కాపురం శాసనం సారాంశం. అది ఇప్పుడు అమరావతి ప్రాంతంలో ఉన్న మందడం గ్రామ దానం గురించి, మఠం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల గురించి చెబుతుంది. రుద్రమదేవిని గణపతిదేవుడి కూతురుగానే చెబుతుంది. రెండోది నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన చిన్న తెలుగు శాసనం, 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళిన సందర్భంలో, ఆ సేనాని బంటు పువ్వుల ముమ్మడి దేవుడికి భూమి దానం చేశాడని అందులో ఉంది.

మార్కోపోలో మన తీరానికి వచ్చింది 1292 ప్రాంతంలో. పిల్లలు మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. రాణి గణపతిదేవుడి భార్యా, కూతురా? ఆమె చనిపోయి మూడేళ్ళయ్యాక అతను పాలిస్తున్న రాణిని ఎలా చూశాడు? "చూడలేదు టీచర్, ఎవరో చెప్తే రాసుకున్నాడు" అని తేల్చారు. మరి అతను రాసిందంతా అబద్ధమా అంటే, చేనేత ఇంటి అబ్బాయి ఒప్పుకోలేదు. "బట్టల సంగతి నిజమే అయ్యుంటుంది, ఎందుకంటే అది అమ్మకానికి బయటికి వెళ్ళేది, వాళ్ళూ వీళ్ళూ చూసి ఉంటారు." ఒకే పుస్తకంలో ఒక మాటను నమ్మొచ్చు, ఇంకో మాటను అనుమానించొచ్చు అన్న తేడా ఆ రోజు క్లాసులో పుట్టింది. చందుపట్ల శాసనం వెలుగులోకి రాకముందు రుద్రమ పాలన 1295 దాకా సాగిందని చరిత్రకారులు రాసేవారని చెప్పాను. ఒక బంటు వేయించిన చిన్న రాయి పెద్ద పుస్తకాలను దిద్దించిందంటే వాళ్ళకు నమ్మశక్యం కాలేదు. మా ఊళ్ళో కూడా అలాంటి రాయి ఉందేమో చూస్తామని ఆ వారం గట్లన్నీ తిరిగారు.

కులం ప్రశ్న వచ్చినప్పుడు

వచ్చి తీరుతుంది. "టీచర్, కాకతీయులు ఏ కులం?" మొదటి ఏడాది ఈ ప్రశ్నను దాటేశాను. దాటేస్తే పిల్లలు జవాబును ఇంకెక్కడో, ఇంకెవరి దగ్గరో తెచ్చుకుంటారు. ఈసారి అదీ ఆధారాలతోనే చూశాం. కొన్ని శాసనాలు వాళ్ళను చతుర్థ కులం, అంటే నాలుగో వర్ణమైన శూద్రులని చెబుతాయి. మోటుపల్లి శాసనమే వంశాన్ని సూర్యుడితో మొదలుపెట్టి, మనువు, ఇక్ష్వాకుడు, రాముడి మీదుగా తీసుకొస్తుంది. రెండూ ఆ కాలపు రాళ్ళే. అయితే సముద్రం దాటి వచ్చేవాళ్ళు చూసే రేవు శాసనంలో రాజు తనను ఎలా చూపించుకోవాలనుకుంటాడు అని అడిగాను. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎవరి కులానికీ ఆ రాజును ఇచ్చేయకుండా పీరియడ్ ముగిసింది. లోపల టెన్షన్ పడ్డాను కానీ, ఆ గంట దాటేయకపోవడం మంచిదైంది.

రాతల్లో కనిపించిన తేడా, మిగిలిపోయిన లోపాలు

చివర్లో పిల్లలు ఇంతకుముందు చూడని ఒక శాసన భాగం ఇచ్చి అవే మూడు ప్రశ్నలు అడిగాను. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుడి శాసనం నుంచి, ఓడించిన శత్రువుల గురించి గొప్పగా చెప్పే భాగం అది. సగం మందికి పైగా, ఇది గెలిచినవాడు రాయించుకున్నది, ఓడినవాళ్ళ మాట ఇందులో లేదు అని తమ మాటల్లో రాశారు. మామూలు పరీక్షలో వెనకబడే ఇద్దరు ముగ్గురు ఇక్కడ చక్కగా రాశారు. అన్ని మార్కులూ తెచ్చుకునే ఒకమ్మాయి మాత్రం ఇబ్బంది పడింది, సరైన జవాబు ఒకటే ఉండాలని ఆమె నమ్మకం. ఆమెతో విడిగా కూర్చోవాల్సి వచ్చింది.

లోపాలు ఉన్నాయి. మొత్తం 14 పీరియడ్లు పట్టాయి, ఆ మేరకు వేరే పాఠాలు పరుగెత్తించాను. పెద్దవాళ్ళతో మాట్లాడిన జట్టుకు ప్రశ్నలు అడగడం నేను ముందే నేర్పలేదు, వాళ్ళు తెచ్చినవాటిలో ఎవరు చెప్పారో, ఎప్పటి సంగతో లేదు. శాసనాన్ని అనువాదం మీద చెప్పాం కాబట్టి నా తెలుగు మాటల మీదే పిల్లల వాదన చాలా ఆధారపడింది. "దయతో" అన్న ఒక్క మాట మీద పది నిమిషాలు గొడవపడ్డారు. ఈసారి ఒకే భాగానికి రెండు అనువాదాలు పక్కపక్కన ఇస్తాను.

ఆ పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చాక చీరాల-పేరాల సంగతి మొదలుపెట్టాం. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట మున్సిపాలిటీ పన్నులు కట్టబోమని జనం ఇళ్ళు విడిచి రామ్‌నగర్ పాకల్లో దాదాపు పదకొండు నెలలు ఉన్న ఉద్యమం అది. వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు ఉన్నాయి. ఈసారి జట్లు వేసింది నేను కాదు. లైటు పక్కకు తిప్పిన కుర్రాడు మొదటి రోజే పేర్లు రాసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. అందులో ముసలమ్మలతో మాట్లాడే జట్టుకు అడగాల్సిన ప్రశ్నలు, మొదట్లోనే "మీకిది ఎవరు చెప్పారు?" అన్నదానితో మొదలయ్యాయి.